కుక్కపిల్ల కొనబోతున్నారా? ధర చివరన అడగండి

బాయికాడ మోటారు, స్టార్టరు, కేబుల్ వైరు. కొట్టంలో రెండు బర్రెలు. దొడ్డిలో ఓ ఇరవై గొర్లు. ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల్లో చిన్న రైతు ఆస్తి చాలావరకు ఇదే. ఇదంతా ఊరికి దూరంగా, రాత్రిపూట మనిషి లేనిచోట ఉంటుంది. అడవిపంది ఒక దిక్కు, వైరు దొంగ ఒక దిక్కు, గుంపుగా తిరిగే కుక్కలు ఒక దిక్కు. యాచారం, కడ్తాల్ మండలాల్లో కొన్నేళ్ల కిందట చిరుతపులి లేగదూడల్ని చంపిన సంగతి ఇప్పటికీ రచ్చబండ కాడ చెప్పుకుంటారు. అందుకే పొలం కాడికి మంచి కుక్క ఒకటి కావాలని చాలామంది రైతులు అనుకుంటారు.

సాగర్ రోడ్డు వెంబడి ఫాంహౌసులు లేచాక పెద్ద పెద్ద జాతి కుక్కలు మన కళ్లముందుకు వచ్చాయి. వాటిని చూసి మనవాళ్ల మనసు కూడా అటు పోతోంది. పేపర్లోనో ఫోన్లోనో ప్రకటన చూసి అమ్మేవాళ్లకు ఫోన్ చేస్తారు. అడిగే మొదటి మాట "పిల్ల ఎంత?" అని. అక్కడే బేరం చెడిపోతుంది. బర్రెను కొనేటప్పుడు మీరు ముందే ధర అడగరు. పళ్లు చూస్తారు, పొదుగు చూస్తారు, ఎన్నో ఈత అని అడుగుతారు, రెండు పూటలా పాలు పిండి చూస్తారు. ఆ తర్వాతే తువ్వాల కింద చెయ్యి పెడతారు. కుక్కపిల్లకు కూడా అదే పద్ధతి. ఏం చూడాలి, ఏం అడగాలి, ఎక్కడ మోసం ఉంటుంది అన్నది ఈ వారం తెలుసుకుందాం.

ఎందుకు కావాలో ముందు తేల్చుకోండి

కుక్కతో పని మూడు రకాలుగా ఉంటుంది. ఒకటి, ఇల్లు, బాయి, కొట్టం కాడ కొత్త మనిషి వస్తే మొరిగి లేపడం. రెండు, గొర్ల మంద వెంట ఉండి నక్కను, ఊరకుక్కల్ని దూరంగా ఉంచడం. మూడు, పంట చేనుకు అడవిపందిని రానీయకపోవడం.

మొదటి పనికి గట్టిగా మొరిగే, ఇల్లు విడిచిపోని ఏ కుక్క అయినా చాలు. రెండో పనికి గొర్లతో కలిసి పెరిగిన కుక్క కావాలి. దాని జాతికంటే పెంపకం ముఖ్యం. మూడో పని ఒక్క కుక్కతో కాదు. మగపంది కోరతో ఒక్క పోటు పొడిస్తే కుక్క పేగులు బయటపడతాయి. పందిని చూసి దూరంనుంచి మొరిగి మిమ్మల్ని లేపితే ఆ కుక్క తన పని చేసినట్టే. దాన్ని పందిమీదికి ఉసిగొల్పి వేటాడించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కేసు అవుతుంది. కుందేలు, నెమలి, ఉడుము విషయంలోనూ అంతే.

ఏ పనికో తేలితే ఎంత పెట్టాలో కూడా సగం తేలిపోతుంది.

ఏ జాతి మనకు పనికొస్తుంది?

మొదట చెప్పుకోవాల్సింది మన ఊరి కుక్క గురించే. మన ఎండకు, మన రొట్టెకు, మన వానకు అలవాటు పడిన ఒళ్లు అది. ఊళ్లో ఏ గొల్లకురుమల మంద వెంట మంచి ఆడకుక్క ఉందో మీకు తెలుసు. దాని పిల్లను అడిగితే చాలావరకు పైసలు లేకుండానే ఇస్తారు. మొదటి పనికి, రెండో పనికి దీన్ని మించింది వెతకనక్కర్లేదు.

తెలుగు నేలమీద పేరున్న కుక్కలు కూడా ఉన్నాయి. కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలో పందికోన అనే ఊరుంది. అక్కడి కుక్కలు కాపలాకు, ధైర్యానికి పేరుపడ్డాయి. చేల కాడ, మందల కాడ రైతులు వీటిని పెంచుతారు. వేరే జిల్లాల నుంచి కూడా వచ్చి పిల్లల్ని అడిగి తీసుకుపోతారు. ఒకటే జాగ్రత్త. పందికోన పిల్ల కావాలంటే ఆ ఊరికే పోయి, పెంచే రైతు ఇంటికాడ తల్లిని చూసి తెచ్చుకోవాలి. హైదరాబాదులో ఎవరో "ఇది పందికోన" అని చెబితే దానికి రుజువు ఏమీ ఉండదు.

కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా గోదావరి జిల్లాల్లో జోనంగి అనే కుక్క ఉంది. పొట్టి వెంట్రుక, నున్నటి ఒళ్లు. బాతుల మందల్ని కాయడానికి దాన్ని వాడేవాళ్లు. నేలలో గుంతలు తవ్వుకుని పడుకోవడం దాని అలవాటు. మొరుగుడు కూడా వేరే కుక్కల మాదిరి ఉండదు, సాగదీసి రాగం తీసినట్టు ఉంటుంది. చేపల చెరువులు పెరిగి బాతుల మేపు తగ్గినకొద్దీ ఈ కుక్కలూ తగ్గిపోయాయి.

పక్క రాష్ట్రాల్లో కర్ణాటక ముధోల్, తమిళనాడు రాజపాళ్యం, చిప్పిపారై జాతుల్ని హర్యానా కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ గుర్తించి నమోదు చేసింది. ముధోల్, రాజపాళ్యం కుక్కల బొమ్మలతో 2005లో తపాలా బిళ్లలు కూడా వచ్చాయి. ముధోల్ ఉన్న బాగల్‌కోట్ జిల్లాలోనే తిమ్మాపూర్ దగ్గర కర్ణాటక పశువైద్య విశ్వవిద్యాలయం వారి కుక్కల పరిశోధన, సమాచార కేంద్రం ఉంది. ఆ ప్రాంతంలో చిన్న రైతులు, కూలీలు కూడా ఇంట్లో ఒక ఆడకుక్కను పెట్టుకుని పిల్లల్ని అమ్మి నాలుగు పైసలు చూసుకుంటున్నారు. అయితే ముధోల్ పరుగు కుక్క. కంటితో చూసి వెంటపడే జాతి. రోజూ పరుగెత్తడానికి జాగా కావాలి. గొలుసు వేసి కట్టేస్తే పాడైపోతుంది. రాజపాళ్యం మంచి కాపలా కుక్కే గాని తెల్లటి ఆ జాతిలో పుట్టు చెవుడు ఉన్న పిల్లలు వస్తుంటాయి. కాబట్టి వినికిడి పరీక్షించకుండా కొనకూడదు.

ఇక విదేశీ జాతులు. హస్కీ, సెయింట్ బెర్నార్డ్ వంటివి మంచుదేశాల కుక్కలు. మన మే నెల ఎండకు రేకుల కొట్టంలో వాటిని కట్టేస్తే ప్రాణం తీసినట్టే. లాబ్రడార్ మంచి మనసున్న కుక్క, కాపలాకు అంతంత మాత్రం. జర్మన్ షెపర్డ్ తెలివైనదే, కానీ గుబురు వెంట్రుక, నడుము కీళ్ల జబ్బు, తిండి ఖర్చు ఎక్కువ. రాట్‌వీలర్, పిట్‌బుల్ వంటి వాటి జోలికి చిన్న రైతు పోకపోవడమే మంచిది. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ ఇటువంటి 23 జాతుల పెంపకాన్ని, అమ్మకాన్ని ఆపాలని రాష్ట్రాలకు రాసింది. ఏప్రిల్లో కర్ణాటక హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. చట్టం సంగతి ఎట్లా ఉన్నా, పొలంలో కూలీలు, పిల్లలు తిరిగేచోట అటువంటి కుక్కను అదుపు చెయ్యడం మనవల్ల కాదు.

పిల్లను ఎప్పుడు అడగాలి?

చిత్తకార్తె కుక్కలని సామెతగా అంటాం. అందులో లెక్క ఉంది. చిత్తకార్తె అక్టోబరు రెండో వారంలో వస్తుంది. ఊరి కుక్కలు ఎక్కువగా ఆ రోజుల్లోనే ఎదకు వస్తాయి. కుక్క చూడి సుమారు 63 రోజులు. అంటే డిసెంబరు నడుమ ఈనుతుంది. పిల్ల తల్లిని విడవాల్సింది ఎనిమిది వారాలు నిండాక. అది ఫిబ్రవరిలో, శివరాత్రి అటూ ఇటూ అవుతుంది.

కాబట్టి మంచి తల్లిని చూసి దీపావళికే యజమాని చెవిన మాట వేసి పెట్టండి. సంక్రాంతికి పోయి పిల్లల్ని చూడండి. శివరాత్రికి తెచ్చుకోండి. ఊరికే ఇస్తున్నారు కదా అని ఊరికే తీసుకోవద్దు. తల్లికి నట్టల మందు, రేబిస్ టీకా ఖర్చు మీరు పెట్టుకోండి. దాంతో తల్లీ బాగుంటుంది, మీకు వచ్చే పిల్లా బాగుంటుంది.

జాతి కుక్కలు అమ్మేవాళ్ల దగ్గర పిల్లలు ఏడాది పొడవునా ఉంటాయి. ఎండాకాలంలో మాత్రం తేవద్దు. ప్రయాణంలోనే సొమ్మసిల్లుతాయి.

అమ్మేవాళ్లు ఎన్ని రకాలు?

మొదటి రకం, ఇంట్లో ఒకటి రెండు ఆడకుక్కల్ని పెట్టుకుని ఏడాదికి ఒక ఈత పిల్లల్ని అమ్మేవాళ్లు. తల్లి కళ్లముందే ఉంటుంది. రెండో రకం, కెన్నెల్ పెట్టి వ్యాపారంగా చేసేవాళ్లు. మూడో రకం దుకాణాలు. నాలుగో రకం దళారులు. ఎక్కడో తెచ్చి ఇక్కడ అమ్ముతారు. వీళ్ల దగ్గర తల్లి ఉండదు, పుట్టిన తేదీ ఉండదు, రేపు అడగడానికి అడ్రసూ ఉండదు.

వ్యాపారంగా కుక్కల్ని ఈనించి అమ్మేవాళ్లకు 2017లో కేంద్రం నియమాలు పెట్టింది. వాటి ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మే పిల్లకు టీకాలు, చర్మం కింద మైక్రోచిప్ ఉండాలి. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను దాటించకూడదు. "మీ రిజిస్ట్రేషన్ కాయితం చూపిస్తారా?" అని అడగడం మీ హక్కు. చూపించేవాడు సంతోషంగా చూపిస్తాడు. విసుక్కునేవాడి దగ్గర మీకు పని లేదు.

ఫోన్లో ఈ వరసలో అడగండి

"పిల్లలు పుట్టిన తేదీ ఏమిటి?" నెలన్నర అంటే వద్దనండి. ఇంకా పక్షం రోజులు ఆగి వస్తానని చెప్పండి. తల్లి దగ్గర, తోడబుట్టిన వాటి దగ్గర ఎనిమిది వారాలు ఉన్న పిల్లకు ఎంత గట్టిగా కరవాలో, ఎక్కడ వదలాలో తెలుస్తుంది. ముందే విడదీసిన పిల్ల పిరికిదన్నా అవుతుంది, కరిచేదన్నా అవుతుంది.

"తల్లి మీ దగ్గరే ఉందా? చూడనిస్తారా?" ఇది అన్నింటికంటే ముఖ్యం. తల్లి వేరే ఊళ్లో ఉందనే మాట వినబడితే అక్కడితో ఫోన్ పెట్టేయొచ్చు.

"తల్లి వయసెంత? ఇది ఎన్నో ఈత?" ప్రతి ఎదకూ దాటించిన కుక్క పిల్లలు బలహీనంగా ఉంటాయి.

"నట్టల మందు ఎన్నిసార్లు పోశారు? టీకా ఎప్పుడు, ఏ డాక్టరు వేశారు? టీకా కార్డు ఉందా?"

"తీసుకున్న వారంలోపు పార్వో వస్తే ఏం చేస్తారు? రాసిస్తారా?"

"మొత్తం ఈతలో ఎన్ని పిల్లలు? ఎన్ని మిగిలాయి?" ఎనిమిదింటిలో రెండు చచ్చిపోయాయంటే ఎందుకో అడగండి.

ఇవన్నీ అయ్యాక, "పిల్ల ఎంతకు ఇస్తారు? ఆ ధరలో ఏమేమి కలిసి ఉన్నాయి?" అని అడగండి. ఇన్ని అడిగిన మనిషి తెలిసినవాడని అవతలివాడికి అర్థమవుతుంది. చెప్పే ధర కూడా దాన్నిబట్టే ఉంటుంది.

చూడబోయినప్పుడు

ఒంటరిగా పోవద్దు. కుక్కల్ని పెంచిన మనిషిని తోడు తీసుకుపోండి. పగటిపూట పోండి. పొట్ట నిండా తిని పడుకున్న పిల్లల్ని చూడొద్దు, ఆడుకునే వేళ చూడండి.

ముందు తల్లిని చూడండి. కొత్తవాణ్ణి చూసి మొరిగి, యజమాని మాట వినగానే ఆగే తల్లి మంచిది. మూలకు నక్కి వణికే తల్లి పిల్లలు కూడా చాలావరకు అట్లాగే వస్తాయి.

తర్వాత నోరు తెరిచి చూడండి. పాలపళ్లు మూడు నాలుగు వారాలకు మొదలై, ఎనిమిది వారాలకు మొత్తం 28 వస్తాయి. రెండు నెలలని చెప్పిన పిల్లకు వెనక దవడ పళ్లు ఇంకా రాలేదంటే వయసు ఎక్కువ చేసి చెప్పారన్నమాట. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే నట్టలో, గోమార్లో రక్తం తాగుతున్నాయి.

పక్కటెముకలు తేలి, పొట్ట మాత్రం కుండలా ఉంటే అవి ఏలిక పాములు. కళ్లలో పుసి, ముక్కులో చీమిడి, తోక కింద మలం అంటిన మరక ఉంటే వదిలేయండి. బొడ్డు దగ్గర మెత్తటి గడ్డ ఉందేమో తడమండి. చెవుల లోపల, కాలివేళ్ల నడుమ గోమార్లు వెతకండి. పిల్ల వెనక నిలబడి చప్పట్లు కొట్టండి. మిగతావి తిరిగి చూసి ఒకటి చూడకపోతే దానికి చెవుడు.

కింద కూర్చుని నాలుక చప్పుడు చెయ్యండి. మొదట మీదికి ఎక్కి అన్నింటినీ తోసేసే పిల్లను, మూలకు పోయి దాక్కునే పిల్లను పక్కన పెట్టండి. కాస్త ఆగి చూసి, వాసన చూసుకుంటూ మీ దగ్గరికి వచ్చేదే రైతుకు సరిపోయే పిల్ల.

ధరలో ఏముంటుంది?

అమ్మేవాడు ఒక అంకె చెబుతాడు. ఆ అంకెలో తల్లిని మేపిన ఖర్చు ఉంటుంది. మగకుక్కను జోడు కట్టించిన ఖర్చు ఉంటుంది. దీనికి డబ్బయినా ఇస్తారు, పిల్లల్లో మొదటి ఎంపిక అయినా ఇస్తారు. టీకాలు, నట్టల మందు, వంశపత్రం ఖర్చు ఉంటుంది. దళారి ఉంటే అతని వాటా ఉంటుంది. వీటి పైన ఫ్యాషన్ ఉంటుంది. సినిమాలోనో టీవీలోనో ఒక జాతి కనబడితే ఆ ఏడాది అది పిరం, మరుసటి ఏడాది అగ్గువ. ఫ్యాషన్ వాటా మీరు కట్టనక్కర్లేదు.

వంశపత్రం అంటే చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా వంటి సంస్థలు ఇచ్చే కాయితం. తాతముత్తాతల పేర్లు అందులో ఉంటాయి. అది జాతికి సాక్ష్యం. పిల్ల ఆరోగ్యంగా ఉందని గాని, కాపలా కాస్తుందని గాని అది చెప్పదు. ప్రదర్శనలకు తీసుకుపోయేవాళ్లకు, పిల్లల్ని అమ్ముకునేవాళ్లకు అది అవసరం. బాయికాడ కుక్కకు ఆ కాయితానికి పైసలు పెట్టనవసరం లేదు. కాయితం ఉందని ఎక్కువ ధర చెబితే మాత్రం దానిమీది మైక్రోచిప్ నంబరు, పిల్ల ఒంట్లోని చిప్ నంబరు ఒకటేనా అని యంత్రంతో చూపించమనాలి.

బేరంలో మీకు కలిసొచ్చే మాట ఒకటుంది. పట్నంవాళ్లకు బొమ్మలాగా చేతిలో ఇమిడే చిన్న పిల్లలు కావాలి. నాలుగైదు నెలలు వచ్చి పొడుగు కాళ్లతో తిరిగే పిల్లను ఎవరూ అడగరు. అమ్మేవాడికి దాన్ని మేపడం భారం. అటువంటి పిల్లను తక్కువకే ఇస్తారు. రైతుకు అదే లాభం. టీకాలు అయిపోయి ఉంటాయి, పార్వో గండం చాలావరకు గడిచి ఉంటుంది, గుణం కూడా బయటపడి ఉంటుంది. అయితే అప్పటిదాకా బోనులోనే పెరిగిందా, మనుషుల నడుమ తిరిగిందా అన్నది చూసుకోండి.

ఇంకో లెక్క వేసుకోండి. పిల్ల ధర ఒక్కసారి ఇచ్చేది. తిండి రోజూ పెట్టేది. పెద్దయిన కుక్కకు రోజుకు 40 రూపాయలు అనుకుందాం. నెలకు 1,200. ఏడాదికి 14,600. కుక్క పదేళ్లు బతికితే 1,46,000. ఇంట్లో మిగిలిన అన్నం, జొన్నరొట్టె, మజ్జిగతో సరిపుచ్చుకునే మధ్యరకం ఊరికుక్కకు ఇందులో సగం కూడా కాదు. ఇరవై గొర్లు ఉన్న రైతుకు ఏది తగునో ఈ లెక్కే చెబుతుంది.

ఫోన్ మీద మోసం

ఈమధ్య ఎక్కువైన మోసం ఇది. ఫోన్లో అందమైన పిల్ల ఫొటో, వీడియో పెడతారు. ధర సగానికి సగం చెబుతారు. "వేరే రాష్ట్రంలో ఉన్నాం, రైల్లో పంపుతాం, అడ్వాన్సు కొట్టండి" అంటారు. కొట్టగానే బోను ఖర్చు అంటారు, తర్వాత ఇన్సూరెన్సు అంటారు, తర్వాత దారిలో అధికారులు ఆపారంటారు. పిల్ల రాదు, ఫోను ఎత్తరు. ఆ ఫొటో ఇంకెవరి కుక్కదో అయి ఉంటుంది.

కంటితో చూడని పిల్లకు ఒక్క రూపాయి కూడా పంపొద్దు. పిల్లను చేతిలో పెట్టినప్పుడే పైసలు చేతిలో పెట్టండి, రసీదు తీసుకోండి. ఒకవేళ మోసపోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇవ్వండి. ఎంత తొందరగా చెబితే పైసలు ఆగే అవకాశం అంత ఎక్కువ.

వారం గడువు ఎందుకు?

పార్వో అనే వైరస్ రోగం ఒంట్లో చేరిన మూడు రోజుల నుంచి వారం, ఒక్కోసారి రెండు వారాల తర్వాత బయటపడుతుంది. అంటే మీరు కొన్నరోజు చెంగుచెంగున ఎగిరిన పిల్ల నాలుగో రోజు తిండి మానేసి, వాంతులు చేసుకుని, రక్తంతో కూడిన నీళ్ల విరేచనం పెట్టవచ్చు. టీకా లేని పిల్లల్లో చాలా చచ్చిపోతాయి. అందుకే "వారంలోపు పార్వో గాని, డిస్టెంపర్ గాని వస్తే వైద్యం ఖర్చయినా, పైసలైనా తిరిగి ఇస్తాను" అని రసీదు మీదే రాయించుకోండి. కొన్న మరునాడే పిల్లను మండల పశువైద్యశాలకు తీసుకుపోయి చూపించండి. లోపం ఉంటే డాక్టరు రాసిన చీటీ మీ చేతిలో సాక్ష్యంగా ఉంటుంది.

తెచ్చేటప్పుడు గంపలో పాత గోనె వేసి, తల్లి పడుకున్న గుడ్డముక్క ఒకటి అడిగి తెచ్చి అందులో పెట్టండి. బస్టాండులో, హోటల్ ముందర కిందికి దింపొద్దు. పార్వో క్రిమి నేలమీద నెలల తరబడి బతికి ఉంటుంది. ఇంతకుముందు మీ ఇంట్లో కుక్కపిల్ల ఆ రోగంతో చచ్చిపోయి ఉంటే, ఆ చోటును బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడిగి, టీకాలు పూర్తయిన పిల్లనే తెచ్చుకోండి.

టీకాలు, తిండి, పెంపకం

ఆరు నుంచి ఎనిమిది వారాలకు పార్వో, డిస్టెంపర్ తదితర రోగాలకు కలిపి వేసే టీకా మొదలుపెట్టాలి. మూడు నాలుగు వారాలకోసారి, పిల్లకు పదహారు వారాలు నిండేదాకా మళ్లీ వేయించాలి. ఒక్క సూదితో సరిపోతుందనుకోవద్దు. మూడు నెలలకు రేబిస్ టీకా, డాక్టరు చెప్పినప్పుడు రెండోది, తర్వాత ఏడాదికోసారి. జులై 6న జూనోసిస్ దినం నాడు, సెప్టెంబరు 28న రేబిస్ దినం నాడు పశువైద్యశాలల్లో ఉచితంగా టీకాలు వేసే శిబిరాలు పెడుతుంటారు. మీ ఆసుపత్రిలో ముందుగానే అడిగి పెట్టుకోండి.

మూడు నెలల దాకా రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, తర్వాత రెండుసార్లు తిండి పెట్టాలి. అన్నంలో పప్పు, గుడ్డు, మజ్జిగ. రాగి సంకటి, జొన్నరొట్టె అన్నీ పనికొస్తాయి. కోడి ఉడికించిన ఎముకలు పెట్టొద్దు. అవి పదునుగా విరిగి పేగుల్లో దిగుతాయి. ఉల్లిగడ్డ, చాక్లెట్ వద్దు. చేలో ఎలుకల మందు ఎర పెట్టిన రోజు కుక్కను కట్టేయండి.

మంద కాపలాకు పెంచే పిల్లను ఎనిమిది వారాల నుంచే గొర్రెపిల్లల దొడ్డి పక్కన ఉంచాలి. అక్కడే తిండి, అక్కడే నిద్ర. గొర్ల వాసన దానికి ఇంటి వాసన కావాలి. వాటిని తరిమి ఆడుకోబోతే అప్పుడే గద్దించాలి. టర్కీ దేశపు కంగాల్ కుక్కల్ని తరతరాలుగా ఇట్లానే పెంచుతున్నారు. ఆఫ్రికాలోని నమీబియాలో పిల్లిజాతి జంతువు చీతా గొర్లను, మేకల్ని చంపుతోందని రైతులు దాన్ని కాల్చేవాళ్లు. 1994 నుంచి అక్కడి చీతా సంరక్షణ సంస్థ ఈ కాపలా కుక్కపిల్లల్ని రైతులకు ఇస్తోంది. కుక్క ఉన్న మందల్లో నష్టం బాగా తగ్గింది. మన ఊరికుక్క పిల్లనూ ఈ పద్ధతిలో తయారు చేసుకోవచ్చు.

పగలంతా గొలుసుతో కట్టేసిన కుక్క కాపలా కుక్క కాదు, కరిచే కుక్క అవుతుంది. ఇంట్లోవాళ్లు, కూలీలు, పాలవాడు ఎవరో దానికి చిన్నప్పుడే పరిచయం చెయ్యాలి. ఆడకుక్క అయినా కాపలాలో ఏమీ తీసిపోదు. పిల్లలు వద్దనుకుంటే డాక్టరుతో చెప్పి ఆపరేషన్ చేయించండి. పుట్టిన పిల్లల్ని ఊరి బయట వదిలి వస్తే అవే గుంపులై రేపు మీ గొర్ల మీదికి వస్తాయి.

గొర్ల రైతులు ఇది మరువొద్దు

మందలో ఒక గొర్రె తల వంకర పెట్టి ఒకే దిక్కు గుండ్రంగా తిరుగుతుంటే చూసే ఉంటారు. గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో అనుకుంటాం. దాని మెదడులో నీటితిత్తి ఉంటుంది. ఆ తిత్తి కుక్క పేగుల్లో ఉండే బద్దెపురుగు వల్ల వస్తుంది. కుక్క మలంతో పురుగు గుడ్లు గడ్డిమీద పడతాయి, గొర్రె ఆ గడ్డి మేస్తుంది, తిత్తి మెదడుకు పోతుంది. ఆ గొర్రెను కోసి తలకాయను కుక్కకు వేస్తే పురుగు మళ్లీ కుక్కలోకి వస్తుంది. కాలేయం, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు పెట్టే ఇంకో రకం బద్దెపురుగు మనుషులకు కూడా సోకుతుంది.

అంటే ధర పెట్టి కాపలాకు తెచ్చిన కుక్కే మందకు రోగం పెట్టగలదు. ఈ గొలుసు తెంచడానికి రెండే పనులు. మూడు నెలలకోసారి కుక్కకు బద్దెపురుగు మీద పనిచేసే నట్టల మందు డాక్టరు చెప్పిన మోతాదులో పొయ్యాలి. కోసిన గొర్రె తలకాయ, పేగులు, కాలేయం పచ్చిగా కుక్కకు వెయ్యకుండా లోతుగా పూడ్చాలి.

కరిస్తే

మీ కుక్క గాని, ఏ కుక్క గాని కరిస్తే, గీరినా సరే, ముందు సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. ఆకుపసరు, మంత్రం పేరుతో పొద్దు పుచ్చొద్దు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. ముందుగా టీకా వేస్తే ఆ రోగం రాదు. 1885 జులై 6న ఫ్రాన్సులో లూయీ పాశ్చర్ కుక్క కరిచిన పిల్లాడికి మొదటిసారి టీకా వేసి నిలబెట్టాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు చర్మంలోకి వేస్తారు. లోతు గాయమైతే గాయం చుట్టూ సీరం కూడా వెయ్యాలి. ఒక్కటి కూడా ఎగ్గొట్టొద్దు. పిచ్చికుక్క బర్రెను కరిచినా అదే రోజు పశువైద్యుడికి చెప్పండి, ఆ బర్రె పచ్చిపాలు తాగొద్దు.

కుక్కను అజాగ్రత్తగా వదిలి, దానివల్ల ఎదుటివాళ్లకు ప్రాణహాని గాని, తీవ్రమైన గాయం గాని అయ్యే పరిస్థితి తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు గాని, 5,000 రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. టీకా కార్డును పట్టాదారు పాసుపుస్తకం పక్కనే దాచిపెట్టుకోండి.

కత్తిరించి ఉంచుకోండి

1. ఏ పనికి కుక్క కావాలో తేల్చుకున్న తర్వాతే ఫోన్ చెయ్యండి.
2. తల్లిని చూపించని చోట కొనొద్దు.
3. ఎనిమిది వారాలు నిండని పిల్లను తేవొద్దు. పళ్లు లెక్కపెట్టండి.
4. చూడకముందు అడ్వాన్సు పంపొద్దు. మోసపోతే 1930.
5. రసీదు మీద వారం గడువు రాయించండి.
6. కొన్న మరునాడే పశువైద్యశాలకు తీసుకుపోండి.
7. పార్వో టీకా పదహారు వారాల దాకా, రేబిస్ టీకా ఏడాదికోసారి, నట్టల మందు మూడు నెలలకోసారి.
8. గొర్రె తలకాయ కుక్కకు వెయ్యొద్దు.
9. చేతిలో పైసలు తక్కువుంటే దిగులు పడొద్దు. మీ ఊరి మంద వెంట తిరిగే మంచి తల్లిని చూసి, దీపావళికే మాట వేసి పెట్టండి.